ఇల్లు ఎక్కడ తీసుకోవాలి? గాలిని పోల్చి చూసుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇల్లు చూసేటప్పుడు మంజీరా నీళ్లు వస్తాయా, స్కూలు ఎంత దూరం, డాక్యుమెంట్లు క్లియర్‌గా ఉన్నాయా అని అందరం అడుగుతాం. గాలి సంగతి మాత్రం చేరిపోయాక, పిల్లలకు దగ్గు పట్టుకుని వదలనప్పుడు గుర్తొస్తుంది. చుట్టాలూ, అపార్ట్‌మెంట్ వాళ్లూ, వాళ్లకు తెలిసినవాళ్లూ నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలకు జవాబులు ఒకచోట పెట్టాను.

గాలి కోసం ఊరో ఏరియానో మార్చుకునేంత అవసరం ఉందా?

ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు, గర్భిణి, అయిదేళ్లలోపు పిల్లలు ఉంటే కచ్చితంగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2013లోనే బయటి వాయుకాలుష్యాన్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే కారకాల్లో చేర్చింది. గుండెపోటు, పక్షవాతం, ఊపిరితిత్తుల జబ్బు, బరువు తక్కువ పిల్లలు పుట్టడం వంటివాటికీ దీనికీ సంబంధం ఉందని తేలి చాలాకాలమైంది. నీళ్లు బాగాలేకపోతే క్యాన్ తెప్పించుకుంటాం. గాలికి అలాంటి వీలు లేదు. అందుకే ఇల్లు ఎంచుకునేటప్పుడే చూసుకోమంటాను.

ఏక్యూఐ అంటే ఏమిటి? పీఎం 2.5 అంటే ఏమిటి?

పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్లు, అంతకంటే సన్నటి కణాలు. తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి ఇవి ఎంత సన్నవో ఊహించుకోండి. ముక్కు, గొంతు వీటిని ఆపలేవు. ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తాయి, కొన్ని రక్తంలోకీ చేరతాయి. పొగలోంచి వచ్చేవే ఎక్కువ: డీజిల్, బొగ్గు, చెత్త, కట్టెలు, గడ్డి. పీఎం 10లో (10 మైక్రాన్లు, అంతకంటే సన్నటి కణాలు) వీటితోపాటు రోడ్డు దుమ్ము, సిమెంటు, క్రషర్ల పొడి కూడా ఉంటాయి.

ఏక్యూఐ అనేది ఈ కణాలూ, మరికొన్ని కాలుష్య కారకాలూ ఎంతున్నాయో చూసి, జనానికి అర్థమయ్యేలా ఒకే అంకెలో చెప్పే గాలి నాణ్యత సూచీ. మన దేశంలో 2015 నుంచి వాడుకలో ఉంది. ఎనిమిది కాలుష్య కారకాలకు విడివిడిగా లెక్కకట్టి, వాటిలో దేని అంకె ఎక్కువుంటే దాన్నే ఏక్యూఐగా చూపిస్తారు. సగటు తీయరు. అందువల్ల రెండు ఊళ్లకూ ఏక్యూఐ 140 అని ఉన్నా, ఒకచోట అది రోడ్డు దుమ్ము వల్ల కావచ్చు, ఇంకోచోట పొగ వల్ల కావచ్చు. నా దృష్టిలో ఈ రెండూ సమానం కావు, పొగే ఎక్కువ ప్రమాదం. పక్కనే "ప్రధాన కాలుష్య కారకం" అని రాసి ఉంటుంది, దాన్ని చదవకుండా అంకె ఒక్కటే చూడొద్దు.

ఒకే ఊరికి ఒక యాప్‌లో 100, ఇంకో యాప్‌లో 150 పైన చూపిస్తోంది. ఎవరు తప్పు?

ఎవరూ తప్పు కాకపోవచ్చు. కొలబద్దలు వేరు. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 అరవై మైక్రోగ్రాములు ఉందనుకోండి. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో అది ఏక్యూఐ 100, "సంతృప్తికరం". అదే గాలి అమెరికా లెక్కలో 150 దాటి "అనారోగ్యకరం" అవుతుంది. ఫోన్లలో వచ్చే చాలా ప్రైవేటు యాప్‌లు అమెరికా లెక్కనే వాడతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్ మన లెక్క వాడుతుంది.

ఇంకో తేడా సమయానిది. మన అధికారిక ఏక్యూఐలో కణాల లెక్క గడిచిన 24 గంటల సగటు. రాత్రి 9కి పక్క ఖాళీ స్థలంలో చెత్త తగలబెడితే ఆ అంకె వెంటనే పెద్దగా కదలదు. గంట గంటకూ చూపించే యాప్‌లో మాత్రం ఒక్కసారిగా ఎగబాకుతుంది.

కాబట్టి రెండు ఊళ్లను పోల్చాలంటే ఏక్యూఐ వదిలేసి, పీఎం 2.5 మైక్రోగ్రాముల్లో ఎంతో చూడండి. హైదరాబాద్ అయినా హ్యూస్టన్ అయినా మైక్రోగ్రాము మైక్రోగ్రామే.

ఏ అంకె ఎంత ఉంటే బాగున్నట్టు?

పీఎం 2.5 ఏడాది సగటు మన దేశ ప్రమాణం ప్రకారం 40 దాటకూడదు, 24 గంటల సగటు 60 దాటకూడదు. ఇవి 2009లో పెట్టుకున్న హద్దులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినవి ఏడాదికి 5, రోజుకు 15. మన పెద్ద నగరాల్లో 5 అందుకునేది ఒక్కటీ లేదు, దాన్ని చూసి బెంబేలెత్తక్కర్లేదు. 25 ఉన్నచోటికీ 45 ఉన్నచోటికీ తేడా మాత్రం నిజమైన తేడానే, ఊపిరితిత్తులకు తెలుస్తుంది.

నేను రెండు అంకెలు చూస్తాను. మొదటిది ఏడాది సగటు. రెండోది, నాకు ఇంకా ముఖ్యమైనది, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సగటు. వానాకాలంలో ఏ ఊరి గాలైనా కడిగినట్టుంటుంది. ఆగస్టులో ఇల్లు చూసి "ఇక్కడ గాలి ఎంత బాగుందో" అని అడ్వాన్స్ ఇచ్చేవాళ్లే ఎక్కువ. చలికాలం రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, దానిమీద వెచ్చటి గాలి పొర మూతలా కూర్చుంటుంది. కింద పుట్టిన పొగ పైకి పోలేక అక్కడే తిరుగుతుంది. ఆ నాలుగు నెలలూ ఎలా ఉందో తెలిస్తే ఆ ఊరు తెలిసినట్టే.

ఈ లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైటులో నిరంతర పరిశీలన కేంద్రాల పాత వివరాలన్నీ ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కేంద్రం, కారకం, తేదీలు ఎంచుకుంటే ఎక్సెల్ ఫైలు వస్తుంది. కనీసం మూడు చలికాలాలు తీయండి. ఒక్క ఏడాది చూస్తే అది వానలు బాగా పడ్డ ఏడాదో, లాక్‌డౌన్ ఏడాదో కావచ్చు. మధ్యలో వారాల తరబడి ఖాళీలుంటే ఆ సగటును పక్కన పెట్టండి.

పాత పద్ధతి కేంద్రాలు ఇంకా ఉన్నాయి. వాటిలో వారానికి రెండుసార్లే నమూనా తీస్తారు, ఏడాదికి 104. ధోరణి తెలుసుకోవడానికి పనికొస్తాయి, మీ వీధి సంగతి చెప్పలేవు.

మా ఊళ్లో గాలిని కొలిచే మిషనే లేదు. మరి?

తెలుగు రాష్ట్రాల్లో చాలా ఊళ్ల పరిస్థితి ఇదే. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా వేసిన అంచనాలు దొరుకుతాయి, జిల్లాకూ జిల్లాకూ మధ్య తేడా చూడ్డానికి బాగానే పనిచేస్తాయి. కానీ కొన్ని యాప్‌లు మిషను లేని ఊరికి కూడా ధీమాగా ఒక అంకె చూపిస్తాయి. అది కొలిచింది కాదు, లెక్కగట్టింది. ఆ అంకెను పట్టుకుని ఇల్లు కొనొద్దు, మానొద్దు.

హైదరాబాద్‌లో ఏ వైపు మంచిది?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. నగరం మొత్తానికి పీఎం 2.5 ఏడాది సగటు ఇటీవలి కాలంలో 40కి అటూ ఇటూ ఉంటోంది. అయితే ఎవరూ నగరం మొత్తంలో ఉండరు, ఒక వీధిలో ఉంటారు.

ముందు మిషన్లు ఎక్కడున్నాయో చూడండి. సనత్‌నగర్, జూ పార్కు, సెంట్రల్ యూనివర్సిటీ, పటాన్‌చెరు ఇక్రిశాట్, బొల్లారం, పాశమైలారం మొదటి నుంచీ ఉన్నవి. తర్వాత సోమాజిగూడ, కోకాపేట, కొంపల్లి, నాచారం, న్యూ మలక్‌పేట, ఈసీఐఎల్ కాప్రా, రామచంద్రాపురం వంటివి వచ్చాయి. సెంట్రల్ యూనివర్సిటీ మిషను వేల ఎకరాల క్యాంపస్‌లో, చెట్లూ చెరువుల మధ్య ఉంది. దాని అంకె చూపించి "గచ్చిబౌలి గాలి బాగుంది" అంటే ఫ్లైఓవర్ పక్కన ఫ్లాటు కొంటున్నవారికి అది వర్తించదు. ఇక్రిశాట్‌దీ అంతే, పొలాల మధ్య ఉన్న ప్రాంగణం. జూ పార్కు అనగానే పచ్చదనం గుర్తొస్తుంది కానీ, బహదూర్‌పురా వైపు రద్దీ వల్ల నగరంలో ఎక్కువ కాలుష్యం నమోదయ్యే కేంద్రాల్లో అది ఒకటి.

ఇక పరిశ్రమలు. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతం 2009లో కేంద్రం వేసిన తీవ్ర కలుషిత పారిశ్రామిక ప్రాంతాల జాబితాలో ఉంది. పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం, ఖాజీపల్లి, బొంతపల్లి అంతా రసాయన, మందుల కంపెనీల వరస. అమీన్‌పూర్, బీరంగూడ, బాచుపల్లి, మియాపూర్‌లో ఉండేవాళ్లు చలికాలం రాత్రుళ్లు ఘాటు వాసన వస్తోందని ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తున్నారు. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, మల్లాపూర్, కాటేదాన్ పక్కన చూసేవాళ్లు కూడా రాత్రి పూట ఒకసారి వెళ్లి నిలబడాలి. దమ్మాయిగూడ, నాగారం వైపు చూస్తుంటే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు ఎంత దూరమో కొలుచుకోండి.

పడమర కొత్త టవర్ల దగ్గర సమస్య వేరు: కట్టడాల దుమ్ము, రెడీమిక్స్ ప్లాంట్లు, రాత్రంతా టిప్పర్లు. మీ టవరు పూర్తయినా పక్క టవరు ఇంకో అయిదేళ్లు కడతారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల దాకా పరిశ్రమలు రాకుండా 1996 నాటి 111 జీవో కాపాడింది. 2022లో ఆ ఆంక్షలు సడలించారు. అటు కొనేవాళ్లు ఇవాళ్టి గాలిని చూసి పదేళ్ల తర్వాతి గాలికి భరోసా పెట్టుకోకూడదు.

నాకు ఎంచుకునే వీలుంటే పెద్ద రోడ్డుకు, పారిశ్రామికవాడకు రెండింటికీ దూరంగా, కట్టడాలు దాదాపు అయిపోయిన పాత కాలనీలో లోపలి వీధిని ఎంచుకుంటాను. హంగులు తక్కువే. గాలి మాత్రం బాగుంటుంది.

విశాఖ సముద్రం పక్కనే కదా, గాలికి లోటేముంది?

ఈ నమ్మకం వల్ల చాలామంది ఏమీ చూసుకోకుండా వెళ్తారు. పగలు సముద్రపు గాలి వస్తుంది, నిజమే. రాత్రి నేల వైపు నుంచి గాలి నెమ్మదిగా తిరుగుతుంది. చుట్టూ కొండలు ఉండటంతో పొగ అంత తేలిగ్గా బయటపడదు. ఆ కొండల మధ్యే పోర్టు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం ఉన్నాయి. దక్షిణాన పరవాడ వైపు థర్మల్ విద్యుత్ కేంద్రం, ఫార్మా సిటీ ఉన్నాయి. 2009 నాటి ఆ జాబితాలో విశాఖ కూడా ఉంది. చలికాలంలో విశాఖ అంకె హైదరాబాద్‌ను దాటిపోయే రోజులు మామూలే.

నగరంలోపల తేడా చాలా ఎక్కువ. వన్‌టౌన్, జ్ఞానాపురం వాళ్లకు పోర్టు బొగ్గు పొడి రోజువారీ వ్యవహారం. బాల్కనీ తుడిచిన గుడ్డ నల్లగా వస్తుంది. మల్కాపురం, శ్రీహరిపురం, మింది, గాజువాక పరిశ్రమలను ఆనుకుని ఉన్నాయి. ఎండాడ, రుషికొండ, భీమిలి వైపు ఎంతో నయం. మధురవాడలో అయితే జాతీయ రహదారి ఎంత దూరం, కాపులుప్పాడ చెత్త యార్డు ఎటువైపు అన్నవి చూడండి.

విశాఖ విషయంలో ఏక్యూఐ చెప్పని సంగతి ఒకటుంది. 2020 మే 7న తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ గ్యాస్ లీకై 12 మంది చనిపోయారు. అంతకుముందు రోజు అక్కడ ఏక్యూఐ ఎంతున్నా ఆ ప్రమాదాన్ని చెప్పేది కాదు. రసాయన నిల్వలున్న ఫ్యాక్టరీ గోడ పక్కన ఇల్లు ఎంత చవకగా వచ్చినా వద్దంటాను. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోమని ఎవరికీ చెప్పలేను.

విజయవాడ, గుంటూరు, అమరావతి?

ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం, కొండపల్లి పరిసరాల్లో బూడిద సమస్య పాతదే. బెజవాడ ఊరి మధ్యలో ట్రాఫిక్, కొండల మధ్య చిక్కుకునే పొగ. అమరావతి సచివాలయం దగ్గర మిషను ఉంది. అక్కడ పనులు జోరుగా సాగేకొద్దీ పీఎం 10 పెరగడం సహజం, ఇప్పటి అంకెను శాశ్వతం అనుకోవద్దు.

"కాలుష్య నగరాల జాబితా"లో మా ఊరు ఉంది. భయపడాలా?

2019లో మొదలైన జాతీయ శుద్ధ వాయు కార్యక్రమం కింద ఆంధ్రప్రదేశ్ నుంచి 13, తెలంగాణ నుంచి 4 ఊళ్లు ఉన్నాయి: విశాఖ, విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలు, కడప, ఒంగోలు లాంటివి అటు, హైదరాబాద్, నల్లగొండ, సంగారెడ్డి, పటాన్‌చెరు ఇటు. వరుసగా అయిదేళ్లు ప్రమాణం దాటినవాటిని ఇందులో చేర్చారు. మిషను లేక జాబితాలోకి రాని ఊళ్లూ ఉన్నాయి కాబట్టి, పేరు లేనంత మాత్రాన శుభ్రమని కాదు. పైగా ఈ కార్యక్రమంలో మెరుగుదలను ప్రధానంగా పీఎం 10తో కొలుస్తున్నారు. రోడ్లు ఊడ్చి నీళ్లు చల్లితే ఆ అంకె తగ్గుతుంది, పొగ తగ్గాలని లేదు. "మా నగరం ఇంత శాతం మెరుగుపడింది" అన్న వార్త చూస్తే అది ఏ కణాల లెక్కో అడగండి.

రిటైరయ్యాక పల్లెకు వెళ్తే గాలి శుభ్రమే కదా?

ఎక్కువచోట్ల నయమే. కానీ వరి కోత మిషన్లు వచ్చాక పొలాల్లో గడ్డి తగలబెట్టడం మన దగ్గరా పెరిగింది. వానాకాలం పంట కోశాక నవంబరు, డిసెంబరుల్లో, యాసంగి కోశాక ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట చూడాలి. తాడిపత్రి, ఎర్రగుంట్ల, జగ్గయ్యపేట, తాండూరు చుట్టుపక్కల సిమెంటు, రామగుండం దగ్గర థర్మల్, చీమకుర్తి దగ్గర గ్రానైట్. ఊరి పేరు కంటే ఊరి బయట ఏముందన్నది ముఖ్యం. ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటే, బయట గాలి ఎంత బాగున్నా వంటచేసే మనిషి పీల్చేది పొగే.

ఢిల్లీ వైపు మంచి ఉద్యోగం వచ్చింది. పిల్లలతో వెళ్లొచ్చా?

ఢిల్లీ పీఎం 2.5 ఏడాది సగటు 100 దరిదాపుల్లో ఉంటుంది. అంటే హైదరాబాద్‌కు రెండింతలకు పైనే. నోయిడా, గురుగ్రామ్ వేరే రాష్ట్రాల్లో ఉన్నా గాలి మాత్రం ఒక్కటే. అక్టోబరు చివర్లో పంజాబ్, హర్యానాల్లో వరి కొయ్యకాళ్లు కాల్చడంతో మొదలైన కాలుష్యం, ఆ మంటలు ఆగాక కూడా జనవరి దాకా సాగుతుంది. ఎందుకంటే అక్కడి వాహనాలు, పరిశ్రమలు, చలిమంటల పొగ కదలని గాలిలో నిలిచిపోతుంది. స్కూళ్లు మూసి ఆన్‌లైన్ క్లాసులు పెట్టే రోజులు ఉంటాయి.

రెండేళ్ల పోస్టింగ్, పిల్లలకు ఊపిరి సమస్య లేదు అంటే జాగ్రత్తలతో నెట్టుకురావొచ్చు. పిల్లకో పిల్లాడికో ఇన్‌హేలర్ వాడుతుంటే, జీతం ఎంత పెరిగినా నేను ముందు బెంగళూరు, చెన్నై, పుణె ఆఫీసుల్లో అవకాశం ఉందేమో అడగమంటాను. బెంగళూరు, చెన్నై సగటులు హైదరాబాద్ కంటే తక్కువగా ఉంటాయి.

అమెరికా వెళ్తున్నాం. అక్కడ ఇదంతా చూడాలా?

ఏడాది సగటులు చాలా తక్కువ, నిజమే. కానీ అక్కడ ప్రశ్న మారుతుంది. బే ఏరియాలో 2018 నవంబరులో కార్చిచ్చు పొగ కమ్మి స్కూళ్లు మూశారు. 2020 సెప్టెంబరులో పగలే ఆకాశం నారింజ రంగుకు తిరిగింది. ఏడాదిలో ఎక్కువ భాగం బాగుండి రెండు వారాలు భయంకరంగా ఉండే చోటును సగటు చూపించలేదు. డాలస్ చుట్టుపక్కల వేసవి మధ్యాహ్నాల ఓజోన్ సమస్య, అది ఊరి మధ్యలోకంటే శివార్లలో ఎక్కువయ్యే రోజులుంటాయి. మనవాళ్లు ఇప్పుడు ఎక్కువగా ఉంటున్న ఫ్రిస్కోలో పాత బ్యాటరీల నుంచి సీసం తీసే కర్మాగారం 2012 దాకా నడిచింది. ఇల్లు కొత్తదైనా నేల చరిత్ర చూడండి.

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఏం గమనించాలి?

ఆదివారం మధ్యాహ్నం వెళ్లకండి. ఏ ఏరియా అయినా అప్పుడు బాగానే కనిపిస్తుంది. వారం మధ్యలో ఒకసారి తెల్లవారి 6 నుంచి 8 లోపు, ఇంకోసారి రాత్రి 9 తర్వాత వెళ్లండి. చలికాలమైతే ఇంకా మంచిది.

బయల్దేరే ముందు ఫోన్లో ఉపగ్రహ మ్యాపు తెరిచి ఇంటి చుట్టూ కిలోమీటరు మేర జూమ్ చేయండి. క్రషరు, రెడీమిక్స్ ప్లాంటు, చెత్త కుప్ప, చిమ్నీ ఉన్న షెడ్డు, ఇటుక బట్టీ కనబడతాయి. పెద్ద రోడ్డు పొగ ప్రభావం సుమారు 300 నుంచి 500 మీటర్ల దాకా గట్టిగా ఉంటుంది. మెయిన్ రోడ్డు ఫేసింగ్ అని బిల్డరు ఎక్కువ రేటు చెప్తాడు. పడుకునే ఇంటికి అది గొప్ప కాదు.

తర్వాత మనుషుల్ని అడగండి. మేడ మీద బట్టలు ఆరేసేవాళ్లను, వడియాలు పెట్టేవాళ్లను అడిగితే దుమ్ము సంగతి నిజం చెప్తారు. మెడికల్ షాపులో ఏ నెలల్లో నెబ్యులైజర్ మందు ఎక్కువ పోతుందో అడగండి. చెట్ల ఆకులు చూడండి, కిటికీ మెష్ మీద వేలు పెట్టి చూడండి.

పై అంతస్తు తీసుకుంటే తప్పించుకోవచ్చా?

రోడ్డు దుమ్ము తగ్గుతుంది. పీఎం 2.5లో పెద్ద మార్పు ఆశించొద్దు. దగ్గర్లో చిమ్నీ ఉంటే పై అంతస్తుకే ఎక్కువ తగలొచ్చు.

చిన్న మీటరు కొని కొలుచుకోవచ్చా?

కొలుచుకోండి, మంచి పనే. ఇవి లేజర్ కాంతి చెదరడాన్ని బట్టి లెక్కిస్తాయి కాబట్టి పొగమంచులో, బాగా తేమ ఉన్నప్పుడు ఎక్కువ చూపిస్తాయి. అంకెను అక్షరాలా నమ్మకుండా, ఒకే మీటరుతో ఒకే రోజు రెండు ఇళ్ల దగ్గరా కొలిచి పోల్చుకుంటే ఉపయోగం.

ఏక్యూఐ బాగుంది, వాసన మాత్రం భరించలేం. ఎలా?

ఏక్యూఐ లెక్కలో చేరేవి ఎనిమిదే. ద్రావకాల ఆవిరి, కుళ్లు వాయువు వాటిలో లేవు. అందుకే ఫార్మా యూనిట్ల పక్కన పచ్చరంగు ఏక్యూఐ చూపించినా గొంతు మండుతుంది. ఈ విషయంలో మీ ముక్కే మంచి సాధనం.

ప్యూరిఫయర్ పెట్టుకుంటే సరిపోదా?

తలుపులు మూసిన ఒక గదిలో, గది సైజుకు తగిన హెపా (సన్నటి కణాలను ఆపే ఫిల్టరు) మిషను కణాలను బాగానే పడుతుంది. వాయువులను పట్టదు, మంచి కార్బన్ ఫిల్టరు ఉంటే కొంత. పిల్లలు ఆడుకునేది, పెద్దవాళ్లు నడిచేది బయటే. పడకగదికి సాయంగా పెట్టుకోండి, చెడ్డ ఏరియాలో ఇల్లు తీసుకోవడానికి దాన్ని ధైర్యం చేసుకోకండి. దోమల చక్రం, అగరుబత్తి, సాంబ్రాణి పొగ తగ్గిస్తే ఖర్చు లేకుండా సగం పని అవుతుంది.

ఇప్పటికే కొనేశాం. పక్క ఫ్యాక్టరీ రాత్రి పూట పొగ వదులుతోంది. ఏం చేయగలం?

1981 నాటి వాయు చట్టం కింద ఆ యూనిట్ నడవాలంటే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి, అందులో షరతులుంటాయి. ఆ అనుమతి పత్రం నకలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఈలోగా ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, సమయం, గాలి ఎటునుంచి వస్తోంది, ఎంతసేపు, ఎవరికి ఏమైంది అన్నవి రాయండి. వీడియో తీస్తే తేదీ, సమయం కనబడేలా తీయండి. ఒక్క ఇంటి ఫిర్యాదు కంటే కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద ఇరవై సంతకాలతో ప్రాంతీయ కార్యాలయంలో ఇచ్చినదానికి కదలిక ఎక్కువ. కాపీ మీద స్టాంపు వేయించుకోండి. తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకూ ఇవ్వొచ్చు. అక్కడా కదలకపోతే జాతీయ హరిత ట్రైబ్యునల్ దక్షిణ ధర్మాసనం చెన్నైలో ఉంది. సమస్య మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలల్లోపు అక్కడికి వెళ్లాలి కాబట్టి నోటుపుస్తకంలో మొదటి తేదీ జాగ్రత్తగా రాసుకోండి.